లాకు గడప కింద వేంగి

వేంగీ నగరం ఎలా నాశనమైందన్న సంగతి మీద ఈ మధ్య పత్రికల్లో పెద్ద పెద్ద వ్యాసాలు వస్తున్నాయి. చదువుకున్న కుర్రవాళ్లు రాస్తున్నారు. శత్రువులు తగలబెట్టారని ఒకరంటారు. రాజులు రాజమహేంద్రవరానికి మకాం మార్చేయడంతో దానంతటదే పాడుబడిందని ఇంకొకరంటారు. నాకు కళ్లజోడు ఉంది, తీరిక ఉంది, అన్నీ చదువుతున్నాను. నాయనలారా, మీ వాదంలో నా సాక్ష్యం కూడా రాసుకోండి. రాజులు వెళ్లిపోయాక మిగిలిన వేంగిలో ఒక ముక్కను నేనే సుత్తితో కొట్టి చూసి, బాగుందని సున్నపు గుర్తు పెట్టి, కాలువ పనికి పంపించాను. అది ఏ శత్రువూ చేసింది కాదు. నెల జీతం మీద జరిగిన పని.

నేను కాలువల పనిలో రాళ్ల మేస్త్రీని. అప్పటికి మన జిల్లాలో రైలు లేదు. ఇప్పుడు గోదావరి మీద వంతెన ఎక్కి పోయే బండిని చూసి నోరు తెరిచే మీకు, ఆ రోజుల్లో మనిషైనా ధాన్యమైనా కదలాలంటే పడవే దిక్కని చెప్పినా నమ్మకం కలగదు. కొత్త కాలువ తవ్వినచోటల్లా లాకులు, అంటే నీళ్లు నింపి పడవల్ని ఎక్కించి దించే తలుపుల కట్టడాలు, కట్టాలి. లాకులకు రాయి కావాలి. వచ్చిన ప్రతి రాతినీ సుత్తితో తట్టి, అది చెప్పే మాట విని, పనికొస్తుందో రాదో తేల్చడం నా ఉద్యోగం. గట్టి రాయి కంచు గిన్నెలా మోగుతుంది. లోపల నెర్రె ఉన్న రాయి తడిసిన గోడలా దబ్బుమంటుంది. మోగినదాని మీద సున్నంతో అడ్డగీత, నిలువుగీత వేసేవాణ్ణి. ఆ గుర్తు పడ్డ రాతిని పక్కన పెట్టే అధికారం మా పని చూసే ఇంజనీరు దొరగారు ఒక్కరికే ఉండేది. నా ఉద్యోగ కాలంలో ఏ దొరా అలా ఒక్క రాతిని కూడా పక్కన పెట్టలేదు. అది నా గొప్ప. నా గొప్పే ఈ కథకు మూలం కనుక దాన్ని ముందే చెప్పేస్తున్నాను.

నేను బడికి పోలేదు. ఆనకట్ట కడుతున్న రోజుల్లో మా నాన్న రాళ్ల బండి తోలేవాడు. అక్షరాలు నాకు నేనే దిద్దుకున్నాను. ఎక్కడ పనికి పంపితే అక్కడి గుళ్లలో స్తంభాల మీద ఉన్న రాతలు కూడబలుక్కునేవాణ్ణి. కోరుకొండలో కొన్ని, ద్రాక్షారామంలో చాలా. కొత్త రాత తెలిస్తే దానికంటే కాస్త పాతది తెలుస్తుంది. అది తెలిస్తే ఇంకాస్త పాతది. రేవులో మెట్టు మెట్టూ దిగినట్టు అలా దిగుతూ, వేంగీ చాళుక్యుల నాటి గుండ్రటి అక్షరాల దాకా చేరుకున్నాను. ఎవరూ నేర్పలేదు కనుక ఎవరూ ఆపలేదు.

ఆ యేడు మా పని పెదవేగి దిబ్బలకు దిగువన పడింది. దిబ్బలంటే ఏమిటనుకున్నారు? ఆ వేంగీ నగరమే, ఒకప్పటి రాజధాని. మూరెడు పొడవు ఇటికలు, చెక్కిన గడపలు, విరిగిన దూలాలు, అన్నీ మట్టి కింద ఉండేవి. చుట్టుపక్కల వాళ్లు ఇటికలు తవ్వుకుపోయి ఇళ్లు కట్టుకునేవారు. మా గుత్తేదారుకు అది బంగారపు గని. క్వారీకి పోయి రాయి పగలగొట్టించే శ్రమ లేదు. చెక్కిన రాయి సిద్ధంగా దొరుకుతుంది, బళ్లకెత్తడమే పని.

ఆయనకు ఒక్కటే చిక్కు. అక్షరాలున్న రాతిని కట్టుబడిలో పెట్టడానికి మా తాపీవాళ్లు భయపడేవారు. ఎవరి దానమో, ఎవరి ఒట్టో, తొక్కితే పాపమని. అందుకని గుత్తేదారు అలాంటి రాయి రాగానే ఉలి వేయించి రాత చెక్కి తీయించేసేవాడు. ముఖం నున్నగా అయ్యాక ఎవరికీ పాపం లేదు. చాళుక్యులు పోయారు, తాపీవాళ్లు నిశ్చింతగా సున్నం కలుపుకున్నారు.

ఒకనాటి పొద్దున బండి మీద ఒక పలక రాయి వచ్చింది. నిలువెత్తు పొడవు, మూరన్నర వెడల్పు, వీపు పైకి ఉంది. తట్టాను. అలా మోగిన రాయి అంతకుముందు వినలేదు, తర్వాత వినలేదు. గుర్తు వేశాను. దింపేటప్పుడు అది ఒక పక్కకు ఒరిగింది. అప్పుడు కనిపించింది, ముఖం నిండా రాత. అక్షరాల గాళ్లలో పసుపు నిండి ఉంది. నిన్నో మొన్నో పూసినట్టు పచ్చగా ఉంది.

గుత్తేదారు భోజనానికి వెళ్లి ఉన్నాడు. తాపీవాళ్లు దూరంగా సున్నం గానుగ దగ్గర ఉన్నారు. బండి తోలిన ఇద్దరి చేతా రాతిని ముఖం కిందకు పెట్టి ఇసుకలో పడుకోబెట్టించాను. నోరు మెదపొద్దని చెప్పి వాళ్లను మళ్లీ దిబ్బలకు పంపేశాను. రాతికి ఉలి గండం తప్పిందనుకున్నాను. సున్నపు గుర్తు మాత్రం చెరపలేదు. చెరిపితే ఎవరైనా ఎందుకని అడుగుతారు. ఇంకా నిజం చెప్పాలంటే, నేను మంచిదన్న రాతిని నేనే కాదనడానికి చెయ్యి రాలేదు.

ఆ మధ్యాహ్నమే ఒక ముసలమ్మ వచ్చింది. కుమ్మరుల పేటలో పెద్దది. అందరూ మామ్మ అనేవారు. రాళ్ల మధ్య ఒక్కొక్కదాన్నీ చేత్తో తడుముతూ తిరుగుతోంది. తాపీవాళ్ల పెద్దను పెద్ద తాపీ అనేవాళ్లం, వేళాకోళం మనిషి.

"ఏంటి మామ్మా, రాళ్లకేమైనా సంబంధం చూస్తున్నావా?"

"మా రాయి పోయింది నాయనా. మేమందరం కుండలతో సంతకెళ్లినప్పుడు మీ బళ్లవాళ్లు ఎత్తుకొచ్చేశారు."

"ఇన్నిట్లో నీ రాయి నీకెలా తెలుస్తుందే?"

"సంతలో నలుగురి మధ్య నీ పెళ్లాం నీకెలా తెలుస్తుందిరా?"

అందరూ నవ్వారు. తాపీ కూడా నవ్వాడు. గుత్తేదారు మాత్రం నవ్వలేదు, నా వైపు చూశాడు. "రాత రాయేనా? వచ్చిందా మేస్త్రీ?" అన్నాడు. ఉలి పట్టేవాడు ఆయన పక్కనే ఉన్నాడు.

"లేదండి," అన్నాను. మామ్మతో కూడా గట్టిగానే అన్నాను. "ఇక్కడ లేదు. వెళ్లు మామ్మా, పని చెడగొట్టకు."

ఆమె వెళ్లిపోయింది. తాపీ ఆ మాట విన్నాడు, నమ్మాడు. నమ్మకపోవడానికి కారణం లేదు. అప్పటిదాకా నేను అతనితో అబద్ధం ఆడలేదు.

సాయంత్రం పేటకు వెళ్లి అసలు సంగతి చెప్పాను. ఇరవై ఇళ్లు, ఒక చెరువు. మెట్ట మీంచి వానలకు దిగే నీరు ఒక పాత కాలువలోంచి ఆ చెరువులో పడుతుంది. ఏటా కొత్త ఒండ్రు తెస్తుంది. ఆ ఒండ్రు మట్టే వాళ్ల కుండలు. ఆ నీరే వాళ్ల పంట. రాయి ఆ కాలువ మొగలో నిలబడి ఉండేదట. తొలి వానకు పేటలో అందరికంటే పెద్ద ఆడమనిషి దానికి స్నానం చేయించి, అక్షరం అక్షరానికీ వేలితో పసుపు నింపాలి. అది అయ్యాకే చెరువుకు నీళ్లు. చదవడం ఒక్కరికీ రాదు. వేళ్లు మాత్రం వందల ఏళ్లుగా ఆ రాత దిద్దుతూనే ఉన్నాయి. బడి లేకుండా దిద్దుకున్న వాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.

"దాంట్లో ఏముందో తెలుసా మామ్మా?" అన్నాను గొప్పగా. "వేంగీ రాజు ఆజ్ఞ. నగరానికి కుండలూ ఇటికలూ చేసిన కుమ్మరులకు ఈ చెరువు, దాని కాలువ ఇచ్చాడు. ఫలానా మెట్ట నుంచి ఫలానా రేగడి దాకా నీటిని ఎవరూ అడ్డగించకూడదన్నాడు."

మామ్మకు ఆశ్చర్యం కలగలేదు. "మా అత్త చెప్పింది అదేగా," అంది. "నువ్విప్పుడు చదివావా?"

వాళ్లకు రాయి ఎందుకు కావాలో వినండి. మా కొత్త కాలువ సరిగ్గా ఆ పాత కాలువకు అడ్డంగా వెళుతోంది. అలాంటిచోట కొత్త కాలువ కింద తూము పెట్టి పాత నీటిని దాటించాలని రూలు ఉంది. కానీ మా పటంలో అక్కడ పాత కాలువే లేదు! కొలతకు వచ్చినాయన ఎండాకాలంలో వచ్చాడు. ఎండాకాలంలో ఆ కాలువ అడుగున బళ్లు తోలుకుంటారు. చక్రాల గాడి చూసి ఆయన "బండి దారి" అని రాసుకుపోయాడు. వానాకాలంలో వచ్చి చూడమని పేటవాళ్లు పెట్టుకున్న అర్జీకి, బండి దారికి తూము అక్కర్లేదని జవాబు వచ్చింది. గట్టు పడిందంటే చెరువు ఎండుతుంది, చెరువు ఎండితే పేట లేదు.

దొరగారు పాత నాణేలు, విరిగిన బొమ్మలు పోగుచేసే మనిషి. రాయి చూపిస్తే ఒప్పుకుంటాడనిపించింది. రాతంతా ఒక కాగితం మీద ఎత్తి రాసుకుని ఉన్నాను. అది ఆ పొద్దునే, రాయి ఇంకా ఒరిగి ఉండగా, బండివాళ్లను నిలబెట్టి రాసుకున్నది. రెండు అక్షరాలు అరిగిపోయి ఉంటే ఊహించి రాశాను.

తాపీతో ఒక్క మాట చెప్పి వెళ్లవలసింది. "ఆ రాయి ముట్టుకోకు, కింద అక్షరాలున్నాయి" అంటే చాలు, చచ్చినా ముట్టుకోడు. చెప్పలేదు. ఎందుకు? వాడు గుత్తేదారు దగ్గర నోరు జారతాడేమోనని మీకు చెప్పొచ్చు. అది సగం నిజం. దొరగారి ముందు నేనే రాయి తిప్పించి, బడి మొహం చూడని మేస్త్రీ వేంగీ అక్షరాలు గడగడా చదువుతుంటే అందరూ వినాలని నాకు కోరిక. మిగతా సగం అది.

దొరగారి మకాం పడవలో ఒక పూట దూరం. అక్కడ పెద్ద గుమాస్తా ఉండేవాడు. తెల్లటి తలపాగా, నాలుగు భాషలు, అన్నిట్లోనూ కసురుకోవడం.

"ఏం పని?"

"దొరగారితో ఒక రాయి సంగతి చెప్పాలండి."

"రాయి సంగతి రాళ్లతో చెప్పుకో. దొరగారు తీరిక లేకుండా ఉన్నారు."

రెండు రోజులు వసారాలో కూర్చోబెట్టాడు. రెండో రోజు ఒక బంట్రోతు సంచీ భుజాన వేసుకుని నా కాళ్లు దాటుకుని పడవ రేవుకు పరుగెత్తాడు. వర్షాలు ముందే వస్తున్నాయి, కాలువకు నీళ్లు వదిలేస్తారు, లాకు గడప వెంటనే వేసి ముగించమని మా పనికి హుకుం, అది నాకు తర్వాత తెలిసింది. ఆ ఉత్తరం నా ముందు నుంచే వెళ్లింది. నేను కాళ్లు ముడుచుకుని దానికి దారిచ్చాను.

మూడో రోజు దొరగారు నన్ను పిలిచి, నా మాట శ్రద్ధగానే విన్నారు. అన్యాయంగా చెప్పను. "రాయి చూపించు, తూము రాస్తాను" అన్నారు తన వచ్చీరాని తెలుగులో. తన పడవలోనే నన్ను ఎక్కించుకున్నారు. దారి పొడుగునా పెద్ద గుమాస్తా నాకు ఎదురుగా కూర్చుని పడవ అడుగు వైపు చూస్తూనే ఉన్నాడు.

దిగేసరికి కుమ్మరుల పేట అంతా గట్టు మీద ఉంది. మామ్మ చేతిలో చిన్న పిడత, పసుపు నీళ్లు. దూరం నుంచే పెద్ద తాపీ ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మేస్త్రీగారూ, గడప వేసేశామండి! హుకుం వచ్చిన దగ్గర్నుంచీ రాత్రీ పగలూ చేసి ముగించాం. మీరు గుర్తేసిన వాటన్నిటినీ నేనే తట్టి చూశానండి. ఇసుకలో పడుకోబెట్టారే, ఆ పలక రాయి! దాన్ని మించింది లేదండి. గడప నడిమధ్య వేశాను. గుడిగంటండీ బాబూ, గుడిగంట!"

లాకు గడప అంటే తలుపులు మూసినప్పుడు ఆనే రాయి. దాని మీదే నీటి బరువంతా పడుతుంది. అన్నిట్లోకీ మంచి రాయి అక్కడ వేస్తారు. తాపీ తప్పు చేయలేదు. తన పనిలో తెలిసినంతలో అన్నిటికంటే ఒప్పు పని చేశాడు.

నేను లాకులోకి దిగాను. గానుగ సున్నం ఇంకా తడిగా ఉంది, కానీ పట్టు బిగిసింది. రాతి వీపు మీద నా సున్నపు గుర్తు సగం కనిపిస్తోంది.

"ఎక్కడ?" అన్నారు దొరగారు పైనుంచి.

చూపించాను. అప్పుడు అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. తాపీ మొహంలో రక్తం లేకుండా పోయింది. "అక్షరాలున్నాయా అండీ?" అన్నాడు. "లేదన్నారు కదండీ మీరు. నా ఎదురుగానే కదండీ లేదన్నారు."  చేతిలోని పనిముట్టు కింద పెట్టి, ఆ చేతిని పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

పైకి లేపగలరా అని దొరగారు అడిగారు. లేపితే పక్క రాళ్లు కదులుతాయి, అడుగు కూడా పగులుతుంది, అన్నీ సరిచేసి మళ్లీ వేయడానికి పది రోజులు పడుతుంది, నీళ్లు ఎల్లుండి వస్తాయి. గుత్తేదారు ఆ సంగతి తడుముకోకుండా చెప్పాడు.

"కాగితం ఉందన్నావు."

ఇచ్చాను. దొరగారు చూసి పెద్ద గుమాస్తా చేతికిచ్చారు. ఆయన అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆ అక్షరాలు ఆయనకు రావు. రావని చెప్పడం అంతకంటే రాదు.

"ఇది ఎవరి చేతిరాత?"

"నాదేనండి."

"నువ్వెక్కడ చదువుకున్నావు?"

"ఎక్కడా చదువుకోలేదండి. గుళ్లలో స్తంభాలు చూసి నేర్చుకున్నాను."

"స్తంభాలు చూసి!" అన్నాడు. దొరగారికి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఇద్దరూ నవ్వారని రాయను. గుమాస్తా ఒక్కడే నవ్వాడు.

దొరగారు నన్ను సూటిగా అడిగారు. "ప్రతి అక్షరం నిశ్చయమా?"

నాయనలారా, ఇక్కడ మీరైతే ఏం చెప్పేవారో నాకు తెలియదు. మూడు రోజుల ముందు గుత్తేదారుకు అబద్ధం చెప్పినవాణ్ణి, ఆ క్షణాన నిజం పట్టుకుని కూర్చున్నాను. "రెండు అక్షరాలు అరిగిపోయాయండి. ఊహించి రాశాను," అన్నాను.

"ఊహ," అన్నాడు గుమాస్తా. ఆ ఒక్క మాటను మాత్రం తెలుగులోనే అన్నాడు.

దొరగారు చాలాసేపు ఆ కాగితం చూశారు. చివరికి మడిచి గుమాస్తాకిచ్చారు. సాక్ష్యం లేదు, పటం ప్రకారం పని జరగాలి. కాగితం కచేరీలో ఏ కట్టలో పడిందో నాకు తెలియదు. తిరిగి రాలేదు.

గట్టు మీద మామ్మ ఇంకా నిలబడే ఉంది. దగ్గరికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ముఖం పైకుందా, కిందికుందా?" అంది.

"కిందికి మామ్మా."

"పోన్లే. తొక్కరు."

పిడత నాకిచ్చింది. "నేను దిగలేను. నువ్వే పొయ్యి," అంది. లాకులోకి దిగి ఆ పసుపు నీళ్లు రాతి వీపు మీద పోశాను. సున్నపు గుర్తు కూడా పచ్చబడింది. గుమాస్తా పైనుంచి చూస్తున్నాడు. చెప్పినట్టే రెండో రోజుకు నీళ్లు వచ్చాయి.

ఆ వానాకాలం మెట్ట నీరు కొత్త గట్టుకు తగిలి, పేట మీదికే తిరిగి నాలుగు ఇళ్లు కూల్చింది. "బండి దారి"లో మనిషి లోతు నీరు పారింది. కొలతకు వచ్చినాయన్ని అప్పుడు పిలిచి చూపిద్దామంటే ఆయనకు పెద్ద ఉద్యోగమై వేరే జిల్లాకు వెళ్లిపోయాడు. ఆ వరద చూసి కూడా దొరగారు తూము ఇవ్వలేదు, గట్టు ఇంకో మూర ఎత్తు పెంచారు. మూడేళ్లకు చెరువు పెంకులు పెంకులుగా ఎండింది. కుర్రవాళ్లు ఒక్కొక్కరే కాకినాడ వెళ్లి రంగూన్ ఓడలెక్కారు. వందల ఏళ్ల నాడు ఒక రాజధానికి ఇటికలు కాల్చినవాళ్ల సంతతి, అక్కడ ధాన్యం మిల్లుల్లో బస్తాలు మోయడానికి. మామ్మ ఆ మూడో ఏడు పోయింది. తాపీ నాతో పదకొండేళ్లు కలిసి పనిచేశాడు. మళ్లీ ఎప్పుడూ వేళాకోళం ఆడలేదు. నేను గుర్తేసిన ప్రతి రాతినీ తిప్పించి, కింద చూసుకుని గానీ వేసేవాడు కాదు. నేను కోప్పడలేదు.

పోయిన యేడు ఒక కుర్రవాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కాలేజీ చదువు, మంచి మర్యాద. వేంగి శాసనాలు సేకరిస్తున్నాడట. మళ్లీ జ్ఞాపకం మీద రాసి పెట్టుకున్న పాఠం చూపించాను. రెండుసార్లు చదివాడు. అక్షరాలు వచ్చినవాడు, నాకంటే బాగా వచ్చినవాడు. 

"చాలా విలువైనదండి తాతగారూ! ఇలాంటి దానం ఇంకెక్కడా లేదు. అరిగిన అక్షరాలు రెండు కూడా మీరు సరిగ్గానే ఊహించారు." ఆ మాట కోసం నేను నలభై ఏళ్లు ఎదురుచూశాను. అంతలోనే, "కానీ మూలం చూడకుండా దీన్ని అచ్చు వేయడానికి ఒప్పుకోరండి," అన్నాడు. గుమాస్తా మాటే. కాకపోతే మర్యాదగా అన్నాడు.

"రాయి ఎక్కడుందండి?"

"నువ్వు ఎలా వచ్చావు బాబూ?"

"పడవలోనండి."

"దారిలో లాకు దగ్గర ఆగావా?"

"ఆయ్, అరగంట ఆపేశారండి. నీళ్లు నిండేదాకా."

"ఆ అరగంటా నువ్వు దాని మీదే ఉన్నావు."

పాఠం రాసుకుని వెళ్లాడు. పై అధికారులకు అర్జీ పెట్టాడట. లాకుకు ఏ నష్టమూ లేనప్పుడు విప్పడం కుదరదని జవాబు వచ్చిందని ఉత్తరం రాశాడు. నష్టం ఎందుకుంటుంది?

ఏటా వేసవిలో కాలువల్లో నీళ్లు ఆపేస్తారు. లాకు అడుగు బయటపడుతుంది. నా పాత సుత్తి పట్టుకుని, ఎవరో ఒకరి చెయ్యి ఆసరాగా మెట్లు దిగి, పాచి గీకి దాన్ని తడుతుంటాను. ఈ వేసవిలో కూడా వెళ్లాను. చుట్టుపక్కల రాళ్లలో మూడు దబ్బుమంటున్నాయి. అది మాత్రం మొదటి రోజు ఎలా మోగిందో అలాగే మోగుతోంది. నేను గుర్తు వేసిన రాయి ఇంతవరకూ ఒక్కటీ తప్పు పోలేదు.